కుండీ అడుగున

నేరేడ్‌మెట్‌లో ఒక ఇంటి మేడ మీద, చచ్చిపోయిన మూడు క్రోటన్ మొక్కల దగ్గర తల్లి ప్రేమమణి, కూతురు షెకీనా.

“ఆ కుండీ బోర్లించకమ్మా. నేను చేస్త, నువ్వు కిందికి పో.”

“మట్టి తీసుడు సుత రాదా నాకు? మగ్గు గుంజుకున్నరు, పైకి రావద్దన్నరు. చచ్చినవాటికి సుత చెయ్యి పెట్టొద్దా?”

“అట్ల కాదమ్మా...”

“ఎట్ల మరి? ‘నీళ్లు పోసిన కుండీలకే మళ్ల పోస్తున్నవ్, మతి పోయింది నీకు’ అని మీ అన్న అననే అన్నడు. నువ్వు సుత తలకాయ ఊపితివి.”

“ఊపిన.”

“అబ్బ, ఏం వాసనే! పైన మట్టి పొడిపొడిగ ఉంది, కింద అంత బురద. వేర్లన్నీ కుళ్లినయ్. నేనే చంపిన షెకీనా.”

“నువ్వు కాదు.”

“నేను కాకుంటే?”

“అడుగున బొక్క చూడు.”

“ఏదీ, బొక్కనే లేదు గదా. తెల్లగ ఏందిది? సున్నమా?”

“మైనం. క్రిస్మస్‌కు కుండీలు చర్చికి తీసుకపోయినం గదా. ఆల్టర్ ముందర ఎర్ర కార్పెట్. నీళ్లు కారితే మరకైతదని క్యాండిల్ కరిగించి బొక్కలు మూసిన.”

“మంచిగ చేసినవ్. తర్వాత?”

“తర్వాత తీయలే. మర్చిపోయిన.”

“నువ్వు మర్చిపోయినవా!”

“నవ్వకమ్మా.”

“నవ్వక ఏం చెయ్యాలె? ఈ ఇంట్ల మర్చిపోయేది నేను గదా. ఎప్పుడు యాదికొచ్చింది?”

“...పోయిన నెల.”

“పోయిన నెల ఎప్పుడు?”

“ఆషర్ అన్న నిన్ను డాక్టర్ దగ్గరకు తీసుకపోయిన రోజు. పైకొచ్చి కుండీ వంచి చూసిన. చెప్దామనే అనుకున్న. అప్పటికే అన్న నీకు మతి పోయిందని చుట్టాలందరికీ ఫోన్లు చేసిండు. సిగ్గైంది.”

“ఆ ఆదివారమే పాస్టరమ్మకు చెప్పొచ్చిన, సండే స్కూల్ పిల్లలను ఇంకెవరికన్న అప్పజెప్పమని. ముప్పై ఏండ్లు చెప్పిన. వాళ్ల ముందర వాక్యం మర్చిపోతనేమోనని భయమైంది.”

“తెలుసమ్మా. రేపు చర్చిల నేనే లేచి నిలబడి చెప్త. అందరి ముందర చెప్త.”

“చెప్దువు గానీ, జెర అటు చూడు. ట్యాంకు వెనక గోడ.”

“సుద్దగీతలా? ఎవరు గీసిన్రు?”

“నేనే. నీళ్లు పోసినప్పుడల్ల ఒకటి. లెక్కపెడితే రోజుకు ఒక్కటే ఉంటుండె. మీరిద్దరు గట్ల అంటుంటే, గీత గీసుడు సుత మర్చిపోతున్ననేమో అనుకున్న.”