సాక్ష్యం చెప్పేటోళ్లు రాండ్రి

మెదక్. ఆరుబయట స్వస్థత కూడిక. పాటలు సాగుతున్నాయి. స్టేజీ పక్కన వలంటీర్ ఎలిశిబా, ఎదురుగా గాలయ్య.

“గిదేం గుడ్డ పెద్దాయనా? రాలేనోళ్ల అంగీ తెమ్మన్నం గదా, ప్రార్థనకు.”

“అంగీ దవాఖానల కోసేసిండ్రు బిడ్డా. నా కొడుకు మల్లేశ్ నెత్తికి గిదే కట్టి ఉండె. ఇది లేకుంటే దారిలనే పోతుండె అన్నడు డాక్టర్. ఎవరు కట్టిండ్రో, ఆ చేతులు సల్లగుండ.”

“కండ్లు తెరిచిండా?”

“తెరవలే. గా ఆటోతోని గుద్దినోని చేతులు పడిపోను!”

“ప్రార్థనకొచ్చి శపించొద్దు...”

“అక్కా! సాక్ష్యం చెప్పేటోళ్లు రాండ్రి అని మైకుల పిలిచిండ్రు గదా? ఎవరన్న వచ్చిండ్రా?”

“ఆగు చెల్లె. నీ పేరేంది? నీకేం నయమైంది?”

“నూరున్నీసా. నాకేం నయం కాలే. మైకుల ఇని, రోడ్డు మీదికెళ్లి ఉరికొచ్చిన.”

“అయ్యో, గది కోర్టు సాక్ష్యం కాదమ్మా. దేవుడు రోగం బాగుచేసిండని చెప్పుడు.”

“ఏదైతేంది అక్కా. గింతమందిల ఒక్కరన్న చూసి ఉంటరు. జర మైకియ్యి. ఒక్క మాట. ఏడుపాయల రోడ్డు మీద నా మొగుడు ఎవర్నీ గుద్దలే. పడి ఉన్న పిల్లగాణ్ణి ఆటోల ఏసుకొని దవాఖానకు తెచ్చిండు, గంతే.”

“పాట నడుస్తున్నది...”

“పాటయినంక ఇస్తవా?”

“పాస్టర్ గారిని అడగాలె...”

“అడుగక్కా, నీ కాళ్లు మొక్కుత. ఉస్మాన్‌ను జైలుకు పంపిండ్రు. సాక్షి లేకుంటే బెయిల్ కష్టమంటుండు వకీలు.”

“ఏం పేరన్నవ్?”

“ఉస్మాన్, కాకా. నువ్వు చూసినవా?”

“చూసుడేంది? కంప్లేంట్ ఇచ్చిందే నేను! గా పిల్లగాడు నా కొడుకు!”

“యా అల్లా... ఎట్లున్నడు కాకా? బతికిండా?”

“నువ్వడుగుతున్నవా?”

“రోజూ దువా చేస్తున్న. ఆయన గుద్దంగ నువ్వు చూసినవా మరి?”

“దవాఖాన ముంగటి దుకాణపాయన చెప్పిండు. ఆటో నిండ రక్తమన్నడు.”

“పండవెట్టి తెస్తే రక్తం గాదా? నెత్తికెల్లి కారుతుంటే ఆటోలున్న నా చున్నీ... కాకా, నీ చేతుల ఏందది?”

“ముట్టకు!”

“ముట్టను. అంచు జూడు నువ్వే. పచ్చదారం లేక నల్లదారంతోని కుట్టుకున్న. మూలకు.”

“ఆగు, మడత ఇప్పి చూడనీ.”

“ఉన్నదా కాకా?”

“...ఉన్నది.”

“పెద్దాయనా, పాట అయిపోయింది. ప్రార్థనకు పిలుస్తున్నరు. గుడ్డ ఇటియ్యి.”

“గుడ్డ గా బిడ్డది. దాన్నే అడుగు, ఇస్తదేమో. నాకు మైకియ్యి.”

“మీ మల్లేశ్‌కు ఇంక నయం కాలేదు గదా, ఏం సాక్ష్యం చెప్తవు?”

“నేనేం చూడలేదని. చూడకుండనే కంప్లేంట్ ఇచ్చిన్నని.”