పిట్టవసారా

బయట మంచు. కోట కింది పాతవీధిలో దుకాణాలన్నీ సగం మూసే ఉన్నాయి. గుడిలో టికెట్లు చింపే సెత్సుకి, అంటే ఎప్పుడో పోయిన పూజారిగారి భార్యకి, ఆ మధ్యాహ్నం దొరికిన యాత్రికుడు ఒక్కడే, మెడలో కెమెరా వేసుకున్న కుర్రవాడు. ఇద్దరూ పెద్దగదిలో నిలబడి తలలెత్తి కప్పు చూస్తున్నారు.

“...అంటే ఆ మరకలు నిజంగా రక్తానివేనా అండీ?”

“మరి బెల్లంపాకం అనుకున్నావా? నాలుగొందల ఏళ్ళనాటి రక్తం బాబూ. ఆ దూలం పక్కన చూడు. అయిదు వేళ్ళూ కనిపిస్తున్నాయా?”

“అమ్మో! అరచెయ్యి!”

“కోట శత్రువుల చేతికి పోయిన రోజు లోపలున్న మగాళ్ళంతా కడుపులు కోసుకున్నారు. ఇవి అప్పటి నేలచెక్కలు. చచ్చినవాళ్ళ రక్తం తొక్కకూడదని పీకి తెచ్చి ఇక్కడ కప్పుకి కొట్టారు. తొక్కకూడదట గానీ, దాని కింద కూర్చుని మూడుపూటలా అన్నం తినొచ్చట. మా అత్తింటి ఆచారాలన్నీ ఇంతే.”

“ఫొటో తీసుకోవచ్చా?”

“తీసుకో. వాళ్ళేం కాదనరు. మా ఊరు రావడం ఇదే మొదలా?”

“మా ఊరు దాటడమే మొదలండీ. ఉత్తరాన హొక్కైదో దీవి నించి వచ్చా. పీతలు పట్టే ఊరు మాది. ఈ పాతవీధులు, నల్లగోడలు, కోట, అన్నీ బొమ్మల్లో చూడ్డమే. పొద్దుట్నించీ తెరిచిన నోరు తెరిచినట్టే ఉందనుకోండి.”

“మూసుకో, మంచు పడుతుంది. పేరేంటి?”

“కజుమా.”

“సరే కజుమా, పిట్టవసారా చూసిరా. ఆ తలుపు జరిపితే పొడుగాటి వసారా. కాలు పెడితే చాలు, చెక్కల కింద మేకులు రాసుకుని పిట్టల్లా కూస్తాయి. దొంగ వస్తే తెలియాలని అలా కట్టారు. ఆ చివర పూజారిగారి గది. వెళ్ళి చూసిరా, నేనిక్కణ్ణించే వింటా. ఈ ఎడమచెవి పనిచెయ్యదు గానీ, కుడిది రెండింటి పనీ చేస్తుంది.”

“మెల్లగా నడిచినా కూస్తుందా?”

“పిల్లి నడిచినా కూస్తుంది. వెళ్ళు.”

కుర్రవాడు వెళ్ళాడు, వచ్చాడు.

“చూశానండీ. గదిలో ఏమీ లేదే, ఖాళీ చాప తప్ప... అమ్మగారూ? ఏంటలా చూస్తున్నారు?”

“నువ్వు వెళ్ళావా?”

“వెళ్ళొచ్చా కదా.”

“చివరిదాకా?”

“చివరిదాకా. కిటికీ తీసి కోటకి ఫొటో కూడా కొట్టా.”

“కుయ్యలేదు.”

“అదే నేనూ అడుగుదామనుకున్నా. పాడైందా ఏంటి?”

“మెల్లగా మాట్లాడు.”

“ఏం?”

“మెల్లగా మాట్లాడమన్నానా! మా మరిది గెంజో పెరట్లో కట్టెలు కొడుతున్నాడు. బూట్లు తొడుక్కో. ఇప్పుడే బస్సుంది.”

“టీ ఇస్తానన్నారు. తోట కూడా ఇంకా...”

“తోటలో ఏముంది, మంచు. వెళ్ళు నాయనా, నీకు పుణ్యముంటుంది. అడిగితే వసారా చూళ్ళేదని చెప్పు.”

“ఎవరడిగితే?”

“నేనడిగితే.”

పెరటి తలుపు భళ్ళున తెరుచుకుంది.

“గెంజో! ఆ గొడ్డలేంటి, ఆ బూట్లేంటి? లోపలంతా మంచు...”

“కట్టెలు కొట్టడం ఆపి చాలాసేపైంది వదినా. నేనూ వింటూనే ఉన్నా. తలుపు జరిగింది. కిటికీ తెరుచుకుంది. మధ్యలో ఒక్క పిట్ట కుయ్యలా. ఎవడ్రా నువ్వు?”

“కజుమా అండీ. ఊరు చూద్దామని వచ్చా. ఆ గొడ్డలి కాస్త కిందికి...”

“నడు. నా కళ్ళముందు. మళ్ళీ.”

“పిల్లాడు భయపడుతున్నాడు గెంజో.”

“భయపడాలి. నడవరా!”

“ఇదిగో, నడుస్తున్నా... కూసింది! విన్నారా, కూసింది కదండీ!”

“కావాలని తొక్కావు. ఇందాక నడిచినట్టు నడు. లేకపోతే మోకాళ్ళ మీద నడుస్తావు.”

“...సరే. సరేనండీ.”

“విన్నావా వదినా?”

“నాకేం వినపడలేదు.”

“నాకూ వినపడలా! అదేగా నేననేది! రా ఇటు. కూర్చో. కూర్చోమంటే!”

“అయ్యో, చెయ్యి! విరుగుతోందండీ!”

“విరగనీ. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట, ఇదే నెల, ఆ చివరిగదిలో మా అన్న గొంతు కోశారు. ఈ చెవి నించి ఆ చెవిదాకా. రక్తం చాప దాటి, గడప దాటి, వసారాలోకి కారింది. నేను పక్కగదిలోనే ఉన్నా, మెలకువగా ఉన్నా. ఒక్క పిట్ట, ఒక్క పిట్ట కుయ్యలేదురా! కుయ్యకుండా నడిచే దారి ఇంటివాళ్ళకి తప్ప తెలీదు. అమ్మ అప్పటికే పోయింది. వదిన ఆస్పత్రిలో ఉంది, మెట్ల మీంచి పడి పక్కటెముకలు విరిగి...”

“మెట్లా? మన ఇంట్లో మెట్లెక్కడున్నాయి గెంజో?”

“ఆ సంగతి ఇప్పుడెందుకు?”

“నువ్వెప్పుడూ ఇప్పుడెందుకనే అన్నావు.”

“మా అన్న దేవుడు.”

“దేవుడే. కాస్త చెయ్యి బరువు.”

“వదినా, నువ్వూరుకో! వినరా. ఇంక మిగిలిందెవడు? నేను. సాక్ష్యం లేదని పోలీసులు వదిలేశారు, ఊరు వదల్లేదు. వంతెన దగ్గర పట్టుకుని తొమ్మిదిమంది కొట్టారు. ఇదిగో, చూడు నా నోరు. ఒక్క పన్నుందా? పిల్లనిస్తానన్నవాళ్ళు ముఖాన తలుపేశారు. ఇవాళ్టికీ పిల్లల్ని బెదిరించాలంటే ‘అన్నని తిన్న గెంజో వస్తున్నాడు’ అంటారు.”

“నాకు ఇరవై నాలుగేళ్ళండీ! నేను పుట్టనే లేదు!”

“నువ్వు కాదు. నీకు నేర్పినవాడు.”

“నాన్న. మా నాన్న నేర్పాడు. ఆట అండీ అది, ఒట్టు! చాపల మీద సుద్దగీతలు గీసేవాడు. గీత తప్పితే ఓడినట్టు. మా ఊళ్ళో అన్నీ చేపల గోడౌన్లే, వేరే ఆటలేవీ లేవు. ఇందాక ఆ వసారా చూడగానే కాళ్ళు వాటంతటవే... నాకేం తెలుసు!”

“ఏం చేసేవాడు మీ నాన్న?”

“పీతల పడవ. అంతకుముందు జారుడు తలుపులకి కాగితం అంటించేవాడట, ఊరూరా తిరిగి.”

“కాగితాలవాడు! మొకిచి! ఏటా ఈ నెలలోనే వచ్చేవాడు! కాగితం కోసే ఆ వంకరకత్తి... నీ అమ్మ కడుపు కాలా! వదినా, వాడికి నువ్వు అన్నం పెట్టేదానివి!”

“వచ్చినవాళ్ళందరికీ పెట్టేదాన్ని.”

“ఎక్కడున్నాడు? చెప్పు, ఎక్కడ?”

“పోయాడండీ. నలభై తొమ్మిదో రోజు కర్మ అయ్యాక బయల్దేరా. పోయేముందు ‘ఆ ఊరెళ్ళి పిట్టవసారా మీద ఒక్కసారి నడిచిరా’ అన్నాడు. ఎందుకో చెప్పలా. అబ్బా, మెడ! మెడ వదలండి!”

“చెప్పనీ గెంజో. ఇంకేం అనలేదా బాబూ? ఏమీ?”

“లేదండీ. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మాట్లాడినా కుడిచెవి దగ్గరికొచ్చి మాట్లాడేవాడు. మా అమ్మతోనూ అంతే. ‘నాకు రెండు చెవులూ బానే ఉన్నాయయ్యా’ అని తిట్టేది మా అమ్మ.”

“...అలాగా.”

“నేనిక్కడ ముప్ఫై ఒక్క ఏళ్ళు కాచుక్కూర్చుంటే, వాడు నా చేతికి చిక్కకుండా హాయిగా చచ్చాడా! సరే. కొడుకున్నాడుగా.”

“గెంజో, ఇంక చాలు. పోలీసుల్ని పిలువు, ఊరందర్నీ పిలువు. ఈ పిల్లాడే నీకు సాక్ష్యం. నీ పేరు కడుక్కో, వాణ్ణి వదిలెయ్యి.”

“పేరా? ఎవడిక్కావాలి ఇప్పుడు పేరు? పళ్ళొస్తాయా? పెళ్ళొస్తుందా? నాకు కావాల్సింది వేరే. మొకిచి బయటివాడు. వాడికి ఆ దారి చూపించినవాడు ఇంకొకడున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళూ నా ఎదురుగా తిరుగుతూ, నన్ను చూసి నవ్వుతూ, నా చేతి కట్టెలతోనే చలి కాచుకుంటూ. వాడి పేరు కావాలి. చెయ్యి గడప మీద పెట్టు.”

“వద్దండీ! వద్దు, వద్దు...”

“పెట్టు! పేరు చెప్పు!”

“తెలీదు! అమ్మతోడు, తెలీదు!”

“గెంజో!”

“అబ్బా! అమ్మా! రక్తం... రక్తం వస్తోంది!”

“చిటికెనవేలు అంచు తెగింది, అంతే. వేలింకా ఉంది. ఈసారి ఉండదు. చెప్పు.”

“పాట ఒక్కటే తెలుసండీ! అడుగుల పాట! నాన్న అది పాడుతూ నడిపించేవాడు!”

“ఏం పాట?”

“పాడకు బాబూ.”

“నువ్వు తప్పుకో వదినా. పాడరా!”

“గోడ పక్కన రెండడుగులు... ఎలుకా ఎలుకా ఒకటి వదులు... నడిమి చెక్క మీద మూడు... పిల్లి లేస్తే చచ్చావ్ చూడు...”

“మళ్ళీ.”

“గోడ పక్కన రెండడుగులు, ఎలుకా ఎలుకా ఒకటి వదులు...”

“రెండు, వదులు, మూడు. అదే. అదే దారి! ఎవడు కట్టాడీ పాట?”

“నాన్నే కట్టాడనుకున్నా! నిజం!”

“వాడెందుకు కడతాడు? ఏడాదికి నాలుగు రోజులు వచ్చేవాడికి ఏ చెక్క పలుకుతుందో ఏది పలకదో ఎలా తెలుస్తుంది? ఈ నేల మీద రోజూ తిరిగినవాడు కట్టిన పాట ఇది. ఎవడు?”

“నాకు తెలిస్తే చెప్పనా! అమ్మగారూ, చెప్పండి, నేనేం చెయ్యలేదని చెప్పండి!”

“గెంజో, నా మాట విను. వాడి వయసులో నీకు పళ్ళున్నాయి. వాడికీ వేళ్ళుండనీ.”

“ఇవాళ ఎవరి మాటా వినను. మూడు లెక్కపెడతా. మూడు అన్నాక వేళ్ళు కాదు, మణికట్టు. ఒకటి.”

“అమ్మా...”

“రెండు.”

“వాణ్ణి వదులు గెంజో.”

“పేరు చెప్పమను, వదులుతా. మూడు...”

“పిల్లి కాదు బాబూ.”

“ఏంటి? ఏమన్నావు వదినా?”

“ఆ పాట చివర్లో పిల్లి కాదు, మొగుడు. ‘మొగుడు లేస్తే చచ్చావ్ చూడు.’ కాపురానికొచ్చిన ఏడాదే నేల తుడుస్తూ కట్టుకున్నా. చిన్నపిల్లాడి కోసమని మీ నాన్న మార్చినట్టున్నాడు. గొడ్డలి ఇటు తిప్పు గెంజో.”