తొట్టి చాటు అధ్యక్షుడు

రోమీయుల ఏలుబడిలో ఉన్న లవొదికయ పట్టణంలో క్రైస్తవుల ఆదివారం ఆరాధన ముగిసింది. సంఘానికి కాపరిగా, అంటే కొత్త అధ్యక్షుడిగా, ఎన్నికైన అద్దకంవాడి కోసం పెద్దలు అతని ఇంటి వాకిట్లో నిలబడ్డారు. అతనేమో పెరట్లో రంగుతొట్టి వెనక నక్కి కూర్చున్నాడు. భార్య వెతుక్కుంటూ వచ్చింది.

"ఇక్కడున్నారా స్వామీ! మందను కాయమంటే మీరే దాక్కున్నారా?"

"అరవకే. ఇంట్లో లేనని చెప్పు."

"అధ్యక్షుడి పెళ్ళాం అబద్ధమాడచ్చా?"

"నేనింకా ఒప్పుకోలేదు. పరిచారకుడిగా పేదలకు రొట్టెలు పంచిపెడుతూ ఉంటా, నాకదే చాలు."

"అదైనా సరిగ్గా పంచారా? ముసలమ్మలకు రెండేసి ఇచ్చేసి, చివరివాళ్ళకు ఖాళీ బుట్ట చూపిస్తారు."

"చూశావా, నేను పనికిరానని నువ్వే అంటున్నావు. ఆ మాటే వాళ్ళతో అను."

"అన్నాను. మీ గుణాలన్నీ నన్నే అడిగారు. తాగడు, ఒక్కతే పెళ్ళాం, దానితోనే వేగలేకపోతున్నాడు అన్నాను. అతిథుల్ని పిలిచేది తను, వండేది నేను అన్నాను."

"నవ్వుకున్నారా?"

"బాగా నవ్వారు. తర్వాత, పిరికివాడా అని అడిగారు."

"అవునని చెప్పాల్సింది. క్రీస్తును నమ్మాడని పాత అధ్యక్షుణ్ణి రోమా సైనికులు చెరసాలలో వేసి చంపారు. రేపు నన్నూ అంతే చేస్తారు."

"పిరికివాడేనన్నాను. కానీ వణుక్కుంటూనే ఆయనకు రోజూ చెరసాలకు రొట్టె పట్టుకెళ్ళాడన్నాను."

"నీకెలా తెలుసు? నీకు చెప్పలేదే!"

"కాల్చిన రొట్టెల్లో రోజుకొకటి మాయమైతే నాకు తెలియదా?"

అతను మెల్లగా లేచాడు.

"మోచేతుల దాకా నీలమే. ఈ చేతులతో ఎవర్ని దీవించమంటావే?"

"ముందు నన్ను. మీకన్నా నాకే ఎక్కువ భయంగా ఉంది."