సున్నా దగ్గర మింగేసిన ఉప్పు

పదమూడు వందలు. ఆ రోజు మీ కౌంటరు ముందు నిలబడ్డప్పుడు నా జేబులో ఉన్నది అంతే బాబాయ్. అందులో తొమ్మిది వందల యాభై ఈ గాజుపలక కాటాకి పోశాను. రసీదు తర్వాత చూద్దాం. ముందు నేను చెప్పేది వినండి.

బ్యాటరీలా? కొత్తవే. బల్ల ఎగుడుదిగుడా? నీళ్ల గ్లాసు పెట్టి మరీ చూశాను. అవన్నీ నాకూ తెలుసు.

ఇదిగో ఉప్పు పొట్లం, ఇంటి నుంచే తెచ్చాను. గిన్నె పెట్టాను, సున్నా నొక్కాను. ఇప్పుడు చిటికె చిటికెగా వేస్తాను, అంకె చూడండి.

సున్నా. ఇంకో చిటికె. సున్నా. గిన్నెలో ఉప్పు కంటికి కనిపిస్తోందా లేదా? మరి అంకె కదలదేం? ఆగండి, వేస్తూనే ఉంటాను. ఆఁ, ఇప్పుడు కదిలింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. చాలు.

ఇప్పుడు ఈ ఉప్పంతా కాగితం మీదికి తీశాను. మళ్లీ సున్నా. ఈసారి ఒక్కసారిగా గుమ్మరిస్తాను.

ఏడు. చదవండి బాబాయ్, మీ కళ్లద్దాలతోనే చదవండి. అదే ఉప్పు, అదే గిన్నె, ఇందాక నాలుగు, ఇప్పుడు ఏడు. ఆ మూడు గ్రాములు ఎక్కడికి పోయాయి?

నేను చెప్తాను. సున్నా దగ్గర అరగ్రాము లోపు ఏది పడినా మీ కాటా దాన్ని బరువనుకోదు. గాలికి ఊగాననుకుని, తనంతట తనే మళ్లీ సున్నాకి సర్దుకుంటుంది. ఇంకో చిటికె వేస్తే అదీ అంతే. ఏ చిటికైనా కాస్త పెద్దదై అరగ్రాము దాటితేనే అంకె కదులుతుంది. నెమ్మదిగా వేసే మనిషి చేతిలోది మింగేస్తుంది. తొందరపడి పోసేవాడికి మాత్రం సరిగ్గా చూపిస్తుంది. ఏం న్యాయం బాబాయ్ ఇది?

పోనీలెండి అంటారేంటి? మూడు గ్రాములు మీకు పోనీ. మా నాన్నకి రోజు మొత్తానికి డాక్టరు ఇచ్చిందే నాలుగు.

మా ఇంట్లో ఆయన కూర వేరుగా ఉడుకుతుంది. అందులో ఉప్పు వేసేది అమ్మ. ఆవిడ చెయ్యి చూడాలి మీరు. పొద్దున్నే నాన్న ఉప్పు తూచి చిన్న డబ్బాలో పెడుతుంది, రోజంతా అందులోంచే. రెండు వేళ్లతో, చిటికె చిటికెకీ అంకె చూస్తూ, ఊపిరి బిగబట్టి వేస్తుంది. ఎక్కువైతే ఆయనకి ప్రమాదమని. అంత జాగ్రత్తగా వేసింది కాబట్టే రోజూ ఏడు పడింది.

మూడో వారానికి నాన్న పాదాలు పొంగాయి. చెప్పుల్లో పట్టలేదు. డాక్టరు ఉప్పెంత అని అడిగితే నేనే ముందుపడి, "నాలుగండీ, గ్రాము తేడా లేదు" అన్నాను. ఆయన, "అయితే ఎవరో పైన కలుపుతున్నారు" అన్నాడు.

నేను అమ్మ వైపు చూశాను. చప్పగా ఉందని నాన్న గొణుగుతుంటాడు, ఆవిడకి జాలి. లెక్క కుదిరిపోయింది కదా, ఇంకేం కావాలి నాకు? అక్కడే, డాక్టరు ముందే అడిగేశాను. "నిజం చెప్పమ్మా, ఎంత కలుపుతున్నావు?"

"కాటా చెప్పినంతే వేశానురా" అంది.

"కాటా అబద్ధం చెప్పదమ్మా" అన్నాను.

అంతే. ఇంటికొచ్చి ఉప్పు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇక నువ్వే చూసుకో నాయనా." నన్ను ఎప్పుడూ నాయనా అనదు, ఒరే అంటుంది. పదకొండు రోజులైంది, పొయ్యి దగ్గరికి రాలేదు. "ఇంట్లో ఉప్పుకి ఆఫీసరొచ్చాడు" అని నాన్న ఎగతాళి చేస్తే కూడా నవ్వలేదు.

పైగా నా లెక్కే గెలిచింది చూడండి. నాకు పొద్దున్నే పనికి పరుగు, చెంచాతో ఎత్తి పడేసేవాణ్ని. అలా పోస్తే సరిగ్గా నాలుగు. వారానికి నాన్న కాళ్ల వాపు తగ్గింది. "చూశావా అమ్మా" అన్నాను. అన్నాను బాబాయ్, ఈ నోటితోనే.

ఇవాళ సెలవు. తీరిగ్గా, అమ్మలాగే చిటికె చిటికెగా వేశాను. గిన్నెలో కుప్ప, అంకె సున్నా. అప్పుడు తెలిసింది.

ఏంటది, చిన్న కాటా బయటికి తీశారు? తెలుసు. గుర్తుంది. ఆ రోజే మీరు, "మందులంత తూకానికి ఆ పెద్దది పనికిరాదు బాబూ, ఇది తీసుకో, మూడొందల యాభై" అన్నారు. నేనే నవ్వాను. రెండొందల గ్రాములు దాటితే పనిచెయ్యని బొమ్మ ఎందుకన్నాను. పెద్దదైతే అయిదు కిలోల దాకా తూస్తుంది, గ్రాముకో మెట్టు చొప్పున అయిదు వేల మెట్లు, అని మీకే పాఠం చెప్పాను. అరవాల్సింది మీ మీద కాదు, సరే. ఇంకెవరి మీద అరవాలో తెలియక ఇక్కడికొచ్చాను.

ఆ చిన్నది ఇటు పెట్టండి. ఇది గ్రాములో పదో వంతు కూడా చూపిస్తుంది కదా? చిటికె చిటికెగా వేస్తాను. ఇది కదులుతోంది. మంచిదే.

ఇంకోటి తూచాలి. ఇదిగో, దగ్గు మందు సీసా మూత. ఈ కాటా రాకముందు అమ్మ కొలత ఇదే. ఆస్పత్రిలో నర్సమ్మ చూపించిందట, మూతకి సమంగా ఒకటి, రోజుకి అంతే అని. అదంతా ఉజ్జాయింపు అని లాక్కుని సొరుగులో పడేసింది నేనే. నింపాను, వేలితో సమం చేశాను. పోస్తున్నాను.

నాలుగు పాయింటు ఒకటి.

ఇంకోసారి నింపి పోశాను బాబాయ్, మళ్లీ అంతే.

మిగిలిన మూడొందల యాభై ఇవిగో. ఆ రోజే ఇచ్చి ఉంటే సరిపోయేది. పెద్దది ఇక్కడే ఉంచండి, కూరగాయలకి పనికొస్తుందని ఎవరికైనా అమ్ముకోండి, కానీ ఉప్పు తూచేవాళ్లకి మాత్రం ఇవ్వకండి. చిన్నది కట్టివ్వండి.

మూత కట్టొద్దు. అది చేత్తోనే పట్టుకెళ్తాను. ఇంటికెళ్లగానే ముందు అదే అమ్మ చేతిలో పెట్టాలి. తీసుకుంటుందో, మళ్లీ నాయనా అంటుందో.