జంగ్లాత్ వాటా

అడవి అంచున ఒక తండా. పినపాక రోడ్డుకు దూరంగా రేకుల ఇల్లు. బీట్ ఆఫీసర్ ఉద్యోగంలో చేరాక సంగీత మొదటిసారి యూనిఫాంలో ఇంటికి వచ్చి, కంచం ముందు కూర్చుంది. ఎదురుగా తండ్రి దేవ్లా, పొయ్యి దగ్గర తల్లి బాలి.

"ఇది మేక కాదు బాపూ."

"తిను బిడ్డా, సల్లారిపోతది."

"నిన్నే అడుగుతున్న. ఇదేం మాంసం?"

"మాంసమే. ఆగు, ఇంకో రెండు ముక్కలేస్త."

"యాడీ, నువ్వు చెప్పు. వండింది నువ్వే గద."

"నన్నడగకు సంగీతా. తెచ్చినాయనను అడుగు. పొద్దుగాల్నించి నేను ఆయనతోని మాట్లాడుతలేను."

"మాట్లాడకపోయినా మసాలా మాత్రం మంచిగ నూరింది మీ యాడి."

"నూరక ఏం జెయ్యాలె? కుక్కలకెయ్యాల్నా?"

"బాపూ, దుప్పేనా?"

"అయితే ఏంది?"

"దుప్పేనా, కాదా?"

"అవ్, దుప్పే. చుక్కల దుప్పి. మంచి మగది. కొమ్ములు ఇంతింత ఉన్నయి."

"నోట్లె పెట్టుకున్నంక చెప్తున్నవా?"

"ముందే చెప్తే పెట్టుకుంటవా?"

"యాడీ, కంచం తియ్యి. నా ముంగటికెల్లి తియ్యి దీన్ని. బాపూ, నా నౌకరేంది? ఒక్కసారి నీ నోటితోని చెప్పు."

"జంగ్లాత్ నౌకరి."

"జంగ్లాత్ నౌకరంటే అడివిని కాసేది. ఏ అడివి? గదో, నీ చేను అవతలున్న అడివి. ఈ బీటు నాది. నా బీటుల నా బాపు దుప్పిని కొట్టిండు, నేను యూనిఫాంల కూసోని తింటున్న. తెలిస్తే నీకు జైలు, నాకు సస్పెండు. మూడేండ్లు కోచింగులల్ల పడి సచ్చి తెచ్చుకున్న నౌకరి ఇది."

"నీ కోసమే కొట్టిన బిడ్డా. ఈ తండాల మొదటి ఖాకీ నీది. బ్రాయిలర్ కోడి కోసి పెడితే నలుగురు నవ్వరా?"

"నవ్వనియ్యి. నవ్వితే ఎవరూ జైలుకు పోరు."

"గిట్లనే అరువు. పక్కింటోళ్లు వింటరు."

"విననియ్యి. ఎట్ల కొట్టినవ్? కరెంటు తీగ పెట్టినవా?"

"థూ. కరెంటు పెట్టేటోని లెక్క కనపడుతున్ననా నీకు? తీగ పెట్టి ఇంట్ల పండుకునేది వేటనా? విల్లుతోని కొట్టిన. గూడెం సారయ్య మామ వంచి ఇచ్చిన వెదురు విల్లు."

"ఎక్కడ?"

"మన మక్కచేను మంచె మీదికెల్లి. పందులు సగం చేను మెక్కినయని మీ ఆఫీసుల ఎన్నిసార్లు చెప్పలె? ఒక్కడన్న వచ్చి చూసిండా? పందుల కోసమే రోజూ మంచెక్కుతున్న. ఇయ్యాల కోడికూతకు ముందే ఎక్కిన. మంచు ఎట్లుందంటే, చేతిల బీడీ నాకే కనపడుతలేదు. గాలి మాత్రం అడివి దిక్కుకెల్లి నా ముఖానికి కొడ్తాంది. అప్పుడే అనుకున్న, ఇయ్యాల నా వాసన దానికి పోదని."

"బాపూ, నేను కత చెప్పమనలె."

"అడిగినవ్ గద, ఇను. జెరంత తెల్లారినంక అడివి అంచు కందకం దాటి వచ్చింది. ఒక్కటే. మక్క ఆకు ఒకటి కొరుకుడు, తల లేపి చూసుడు. నేను ఊపిరి కూడ ఇడుస్తలేను. అది తల దించినప్పుడల్లా విల్లు ఇంతింత గుంజిన. లేపితే ఆపిన. ముసల్దయినా చెయ్యి వణకలె బిడ్డా. గట్లనే ఇడ్సిన. ముందుకాలి ఎనక, బొక్కల సందుల, సక్కగ."

"ఇంక సాలు."

"దుంకింది. కందకం అవతలికి పోయింది. నేను మంచె దిగలె. ఎంటనే ఎనకబడితే అది ఇంకా ఉరుకుతది, మాంసం గట్టిపడ్తది. బీడీ మొత్తం తాగినంక దిగిన. నెత్తురు చూసుకుంట పోతే, తునికి పొదల కింద పండుకున్నట్టే ఉంది. నేను దండం పెట్టి, అప్పుడు చెయ్యేసిన."

"చూడు, ఎట్ల మెరుస్తున్నయో ఆయన కండ్లు. పొద్దుగాల నాకు కూడ గిట్లనే చెప్పిండు. బిడ్డ నౌకరి పోతది మొగడా అంటే, చెయ్యి వణకలె చెయ్యి వణకలె అంటడు."

"నువ్వాగు బాలీ."

"నేనెందుకాగుత? బిడ్డ యూనిఫాం ఏసుకొని వచ్చిందని గడపకాడ దిష్టి తీసింది నేను. గదే గడపల పొద్దుగాల నువ్వు నెత్తురు కారే తొడ దించినవ్."

"యాడీ, ఒక్క తొడేనా? మిగతాది ఏడుంది?"

"అది కూడ ఆయననే అడుగు."

"బాపూ, తోలు, కొమ్ములు?"

"వాగుకాడ పాతిపెట్టిన."

"మాంసం?"

"పంచిన. వేట మాంసం ఒక్కరే తింటరా? నాయక్ వాటా నాయక్‌కు, ముసలోళ్ల వాటా ముసలోళ్లకు. కొట్టినోని వాటా మనకు."

"తండా మొత్తం తెల్సన్నట్టు."

"తండాల ఎవడు చెప్తడు? అందరి నోట్లె అదే ఉంది."

"ఇంకెవరికిచ్చినవ్?"

"ఇంకెవరున్నరు."

"బాపూ, ఇటు చూడు. కండ్లు దించకు. ఇంకెవరికి?"

"జంగ్లాత్ వాటా ఒకటుంటది."

"అదేంది?"

"మా తాతల కాలంకెల్లి ఉన్నదే. అడివిల వేట పడితే ఒక తొడ జంగ్లాతోనిది. అది పంపినంకనే మిగతాది కోసుకునేది. నీకు తెల్వదు, నువ్వు పుట్టేసరికి వేటలు బందయినయి."

"ఇప్పుడు ఈడ జంగ్లాత్ అంటే నేనే గద."

"అవ్. గక్కడ్నే తిప్పలొచ్చింది. కొట్టినోని వాటా మనింటికే, జంగ్లాత్ వాటా మనింటికే అంటే, తండా ఏమంటది? రెండు వాటాలు ఒకే ఇంట్ల తినేటోడు దొంగ. మన ఇజ్జత్ పోతది. మంచిగ ఆలోచన చేసిన. అందుకే..."

"అందుకే?"

"నీ పైనోనికి పంపిన."

"ఎవరికి?"

"నీ రేంజి సారుకు. మీ అన్న బలరాం బొగ్గుబాయి డ్యూటీకి పోతాంటే, మోదుగాకులల్ల కట్టి, బండి మీద ఇచ్చిన. బీట్ ఆఫీసర్ సంగీత వాళ్ల బాపు పంపిండు, జంగ్లాత్ వాటా అని చెప్పి ఇయ్యమన్న."

"నా పేరు చెప్పి?"

"పేరు చెప్పకుంటే ఆయనకెట్ల తెలుస్తది?"

"బాపూ..."

"మర్యాద బిడ్డా. నువ్వు కొత్తగ చేరినవ్. ఇంటోళ్లు పద్ధతి తెలిసినోళ్లని అనుకుంటడు."

"పద్ధతట. నా గొంతు కోసి ఆకులల్ల చుట్టి పంపినవ్ బాపూ. పొద్దుగాల్నించి సారు మూడుసార్లు ఫోన్ చేసిండు. బండి మీదున్న, ఎత్తలె. మీటింగేమో అనుకున్న. నాకు నీ మీద ఎంత కోపమొస్తాందంటే, నువ్వు బాపువి కాకపోతే ఈపాటికి జీపెక్కిస్తుంటి."

"ఎక్కియ్యి. మా నాయినలెక్క నేను కూడ తలెత్తుకొని వాటా పంపినోన్నే. దొంగతనంగ తినలె."

"మీ నాయిన తలెత్తుకొని పంపిండా? చెప్పాల్నా బిడ్డకు?"

"బాలీ, ఎందుకిప్పుడు గవన్ని?"

"చెప్త. సంగీతా, మీ తాత రూప్‌సింగ్ ఇష్టంతోని ఒక్క తొడ ఇయ్యలె. జంగ్లాతోళ్లు చౌకీకాడ కూసోని, పోయి కొట్టుకొని రా అంటుండె. వానల, జ్వరంల పోతుండె. ఓసారి ఉత్త చేతులతోని వచ్చిండని చౌకీ గుంజకు కట్టేసిన్రు. పొద్దుమూకినంక ఇప్పుకొచ్చింది నేను, కొత్త కోడలిని. సచ్చేదాక ఆ చేతుల మీద తాడు గుర్తులు పోలె. అది వాటానా? వెట్టి. ఇంటికొచ్చినంక సిగ్గయి, వాటా అని పేరు పెట్టుకున్నడు. ఈయన ఆ పేరే పట్టుకున్నడు."

"నువ్వు చూసింది ఒక్కరోజు. నేను ఎన్నేండ్లు చూసిన్నో నీకేం ఎరుక."

"అయితే చెప్పు. ఒక్కసారన్న మీ నాయిన నవ్వుకుంట ఇచ్చిండా?"

"ఫోన్ మోగుతాంది చూడు బిడ్డా."

"సారే."

"ఎత్తకు సంగీతా."

"ఎత్తకుంటే ఇంటికే వస్తడు యాడీ. ఆగున్రి, ఎవరూ మాట్లాడకున్రి. నమస్తే సార్. అవ్ సార్, ఇంట్లనే ఉన్న. సార్, మా బాపుకు తెల్వక... పెద్దమనిషి సార్, చదువుకోలె... సార్? అవ్ సార్. లేదు సార్, అట్ల కాదు... అది నా బీటే సార్. అవ్. సరే సార్."

"ఏమన్నడు?"

"సంగీతా, ఏమన్నడే? కేసు పెడ్తడా?"

"మాంసం లేతగుందట."

"చూసినవా బాలీ? నేను చెప్పలె? మర్యాద తెలిసినోడు. ఊకె నన్ను ఆగం జేసిన్రు ఇద్దరు."

"ఆయన మాట కానియ్యి. నీ ముఖం ఎందుకట్లుంది బిడ్డా? ఇంకేమన్నడు?"

"ఆదివారం సారు బామ్మర్దులు వస్తున్నరట. ఇంకోటి కొట్టమన్నడు. ఈసారి తొడ కాదు, మొత్తం కావాల్నట."

"కొట్టమన్నది ఎవర్ని?"

"నిన్నే బాపూ. మీ బాపును పొద్దుగాల్నే మంచెక్కమను, అది నీ బీటే గద, ఆ దిక్కు ఎవరూ రాకుంట నువ్వే నిలబడి చూసుకో అన్నడు. యూనిఫాంల నిలబడమన్నడు. లేకుంటే ఈ తొడ సంగతి పైకి రాయాల్సొస్తదట. నవ్వుకుంట అన్నడు."

"నవ్వుకుంటనా?"

"అవ్."

"నువ్వేమన్నవ్?"

"ఇన్నవ్ గద. సరే సార్ అన్న. ఇంకేమంట? నా నోరు నువ్వే మూసినవ్ గద."

"మల్లా మొదలైంది. మీ నాయినది అయిపోయిందనుకుంటే నీకొచ్చింది. నీ తర్వాత బిడ్డకు."

"బాలీ, ఆ విల్లు బయటికి తే. బాణాలు కూడ."

"పోతవా? ఆ సారు కోసం మంచెక్కుతవా? సిగ్గు లేదా నీకు?"

"తెమ్మంటున్న."

"తేను. ఇరగ్గొట్టి పొయ్యిల పెడ్త."

"ఇరగ్గొట్టకు. అది సాచ్చం. బిడ్డా, చెయ్యి కడుక్కొని కేసు కాయితం తియ్యి."

"బాపూ, ఏమంటున్నవ్? జైలుకు పోతవ్."

"తెల్సు. పొద్దుగాల్నించి గదే మొత్తుకుంటున్నవ్ గద. దేవ్లా, రూప్‌సింగ్ కొడుకు, దుప్పిని కొట్టిండని రాయి. తండాల పంచింది కూడ నేనే తిన్ననని రాయి. జంగ్లాత్ వాటా ఎవరింటికి పోయిందో, అది మాత్రం పేరుతోని రాయి."