పదకొండో నంబరు పిలుపు

ఆ జెర్సీ గురించా? పదకొండు ఒక్కటే పెట్టె అడుగున పాత దుప్పటి కింద ఎందుకు దాచారనా? అడగడానికి ఇంకెవరూ దొరకలేదా నీకు, సాసేజ్‌లు కాల్చుకునే ముసలిదాన్ని పట్టుకున్నావు. సరే, ఆ బీరు పెట్టె తిరగేసి కూర్చో. మ్యాచ్‌కి ఇంకా టైముంది, జనం చర్చి నుంచి ఇళ్లకెళ్లి తిని గానీ రారు. మీ ఊరివాళ్లకి ఇవన్నీ తెలీవు. రెండు ఊళ్లకీ కలిపి ఒక ఫుట్‌బాల్ జట్టుకి సరిపడా కుర్రాళ్లు లేక క్లబ్బులు కలిపేశారు గానీ, లేకపోతే మౌట్‌బాఖ్‌ వాడొచ్చి మా హాజెల్‌రాయ్ట్ మైకు ముట్టుకోవడమా? మా ఆయన వింటే ఏమనేవాడో. ఆఁ, మా ఆయన సంగతే చెప్పబోతున్నా. జెర్సీ సంగతీ అదే, ఆయన సంగతీ అదే. నువ్వు ఇవాళ కూర్చుని పేర్లు చదవబోయే ఆ చెక్కగది ఆయన కట్టిందే. ఓట్మర్ వాల్నర్. రంపపు మిల్లులో గుమస్తా. మనిషి చూస్తే ఇంతే, గొంతు మాత్రం చర్చి ఆర్గన్. ఇంట్లో ఉప్పు అందించమన్నా ప్రకటన చేసినట్టే చెప్పేవాడు. చెప్పేముందు ఒకసారి ముక్కుతో గాలి పీల్చేవాడు, ఇలా, పొడుముపట్టు పీల్చినట్టు. పెళ్లైన కొత్తలో నవ్వొచ్చేది, తర్వాత ఒళ్లు మండేది, ఇప్పుడు... ఆవాలపచ్చడి వేసుకుంటావా? వేసుకో, దాచుకుని నేనేం చేసుకోను.

పేర్లు చదివే పద్ధతి మీ ఊళ్లోనూ ఉందిగా. మైకులోంచి నంబరు, పేరు చెప్పి ఆగుతారు, జనం ఇంటిపేరు అరుస్తారు. పెద్ద స్టేడియాల్లో అది ఉట్టి కేకలు. మా జిల్లా లీగ్‌లో అలా కాదు. ఇక్కడ అరిచేవాళ్లలో ఆ కుర్రాడి మేనత్త ఉంటుంది, వాడికి లెక్కలు చెప్పిన పంతులుంటాడు, వాడు కిటికీ పగలగొట్టిన ఇంటాయన ఉంటాడు. ఊరు ఊరంతా కలిసి నువ్వు ఫలానా ఇంటివాడివిరా అని చెప్పడం అది. మా ఆయన ఆ ఆగడంలో గట్టివాడు. పేరు చెప్పి గాల్లో వదిలేసేవాడు, చేపకి ఎర వదిలినట్టు. నోరు మూసుకుందామనుకున్నా నీ వల్ల కాదు. నాకు బడిలో అబ్బిన చదువు తక్కువ. మిగతాదంతా వారానికోసారి వచ్చే లైబ్రరీ బస్సులో చదువుకున్నదే. పూర్వకాలంలో పేరు పెట్టి పిలవడమంటే మనిషిని కట్టేయడమేనని ఎక్కడో చదివి ఆయనకి చెప్పాను. "నీకు పుస్తకాలెక్కువై పని తక్కువైంది జెంజీ" అన్నాడు. పని తక్కువట. అప్పుడు నేను కడుగుతున్నది ఆయన పళ్లెమే.

అప్పట్లో పదకొండో నంబరు సేవరిన్ పొంగ్రాట్స్. రోస్‌విటా ఒక్కగానొక్క కొడుకు. జట్టు బట్టలన్నీ ఉతికేది ఆవిడే. ఎడమ వైపు లైను వెంట వాడు పరుగెత్తుతుంటే బంతే వాడి వెంట పడుతోందా అనిపించేది. ఆ చలికాలం సెలవుల్లో, లీగ్ ఆగిపోయిన రోజుల్లో, నీళ్లు నిండిన పాత రాతి క్వారీ మీద మంచు గడ్డకట్టిందని స్కేటింగుకి వెళ్లాడు. గడ్డ విరిగింది. డైవర్లు వచ్చారు, వెళ్లారు. దొరకలేదు. ఆ క్వారీకి అడుగెక్కడో రాళ్లు తీసినవాళ్లకే తెలీదు. మార్చిలో మళ్లీ మ్యాచ్‌లు మొదలయ్యేనాటికి రోస్‌విటా మా ఇంటికొచ్చింది. తలుపు దగ్గరే నిలబడి, "ఓట్మర్, దొరికేదాకా వాడు చచ్చిపోయినట్టు కాదు. వాడి పేరు తీసెయ్యొద్దు" అంది. ఈయన తలూపాడు. ఏ మగవాడు కాదంటాడు చెప్పు, ఆ మొహం చూసి. ఆటలో వాడి చోటుకి పద్నాలుగో నంబరు కుర్రాణ్ణి దింపారు గానీ, పేర్లు చదివేటప్పుడు మాత్రం "పదకొండో నంబరు, సేవరిన్..." అని ఆగాడు. ఊరంతా "పొంగ్రాట్స్" అంది. టోపీలు తీసి మరీ అంది. నేనూ అన్నాను. ఆ ఆదివారం అది ప్రార్థన. గెలిచాం. మరుసటి ఆదివారమూ పిలిచారు, మళ్లీ గెలిచాం. ఇక ఆపుతారా? జిల్లా లీగ్‌లో అడుగున ఈదుకునే జట్టు పైకి పాకుతుంటే, పైన రాష్ట్ర లీగ్ కనపడుతుంటే, ఎవడు ఆపుతాడు. మొదట ఏడుస్తూ అరిచినవాళ్లే తర్వాత బీరు గ్లాసు ఎత్తి అరిచారు. దుఃఖం ఎప్పుడు అత్యాశగా మారిందో ఎవడూ చూసుకోలేదు.

ఈస్టర్ తర్వాత అనుకుంటా, పక్క లోయ నుంచి ఒక జట్టొచ్చింది. కుడివైపు కాపు కాసేవాడు కసాయి కొట్టువాడు, దూడని భుజానేసుకుని నడిచే శరీరం. హాఫ్‌టైమ్‌లో ఇదే కిటికీ దగ్గరికొచ్చి, బీరొద్దు, వేడి టీ కావాలన్నాడు. "అక్కా, మీ పదకొండో నంబరు వాడు తడిసి ముద్దయి ఉన్నాడేంటి?" అన్నాడు. బయట ఎండ కాస్తోంది, ఇవాళ్టిలాగే. మాకు పదకొండో నంబరు లేడయ్యా అన్నాను. "లేకపోవడమేంటి, పక్కన పరుగెత్తుతుంటే వాడి మీంచి నీళ్లు నా చేతి మీద పడుతున్నాయి. గడ్డకట్టించే చల్లటి నీళ్లు. మాట్లాడితే మాట్లాడడు. నాకెందుకో వాడికి బంతి అక్కర్లేదనిపించింది" అన్నాడు. టీ తాగకుండానే వెళ్లిపోయాడు, రెండో భాగం ఆడలేదు. నేను ఈ సంగతి క్లబ్బు పెద్దమనుషులకి చెబితే, "అవతలి జట్టు భయపడటం మనకి మంచిదేగా జెంజీ" అని నవ్వారు. నవ్విన ఆ నోళ్లన్నీ ఇప్పుడు మట్టిలో ఉన్నాయిలే.

తర్వాత రోస్‌విటా వచ్చింది. నువ్వు చూసిన ఆ జెర్సీయే, ప్రతి శనివారం ఉతికి, ఇస్త్రీ చేసి, బట్టలు మార్చుకునే గదిలో వాడి కొక్కేనికి తగిలించేది. మ్యాచ్ అయ్యాక తీస్తే తడిగా ఉండేదట. చెమట తడి కాదు, రాళ్లమధ్య నిలవున్న నీళ్ల వాసన. మొదట్లో ఆవిడకి సంతోషమే, అర్థం చేసుకో, కొడుకు వస్తున్నాడని. ఆ రోజు మాత్రం నా చెయ్యి పట్టుకుని, "వాడు అలిసిపోయాడే జెంజీ. వంటగదిలో నిలబడతాడు, తినడు, కూర్చోడు. అమ్మా, నన్నెప్పుడు బయటికి తీస్తారు అని అడుగుతున్నాడు. వాడి పేరు నేనే ఉంచమన్నాను, నేనే తీయమంటున్నాను, మీ ఆయనకి చెప్పు" అంది. చెప్పాను. క్లబ్బువాళ్లు ఇంకొక్క మ్యాచ్ అన్నారు. గెలిస్తే రాష్ట్ర లీగ్, ఆ తర్వాత వాడి ఆత్మకి చర్చిలో పూజ చేయిద్దాం, వాడి పేర రాయి నిలబెడదాం అన్నారు. ఆ ఆదివారం పొద్దున మా ఆయన కోటు గుండీలు పెట్టుకుంటూ, "ఇవాళ బయటికి తీసేస్తాను వాణ్ణి" అన్నాడు. మంచిదే, పేరు చదవకు, సరిపోతుంది అన్నాను. "చదవకపోతే వాడు బయటికొచ్చినట్టు కాదు. మైదానంలోకి వెళ్లినవాణ్ణి మార్పుతోనే బయటికి తీయాలి. ఒకడు వస్తే ఒకడు వెళ్లాలి జెంజీ. పేరు లేకుండా మార్పు ఎలా ప్రకటిస్తాను?" అన్నాడు. నీ నిబంధనలు తగలెయ్య అని నేను పాత్రలు సర్దుకున్నాను. గుమస్తా బుర్ర అంతే అనుకున్నాను.

మే నెలాఖరు. ఆ రోజుల్లో పొగమంచు పడుతుందా? పడింది. క్వారీ మీంచి లేచి, మైదానం అవతలి గోల్ దగ్గర నుంచి ఇటు పాకింది. ఆట ఆగేలా ఉందని జనం సణుగుతున్నారు. అప్పుడు స్పీకర్లో ముక్కుతో గాలి పీల్చిన చప్పుడు. "హాజెల్‌రాయ్ట్ జట్టులో మార్పు. పదకొండో నంబరు బయటికి వస్తున్నాడు. సేవరిన్..." జనం "పొంగ్రాట్స్" అన్నారు, సంగతేంటో తెలీక చిన్నగా. రోస్‌విటా ఇక్కడే, ఈ గోడకి ఆనుకుని, కళ్లు మూసుకుంది. "అతని స్థానంలో లోపలికి వెళుతున్నాడు, ఓట్మర్..." అని ఆగాడు. చెప్పాను కదా, ఆ ఆగడం ఎలాంటిదో. ఊరికి నోరు ముందు, బుద్ధి తర్వాత. అందరూ "వాల్నర్" అన్నారు. అన్నాక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నేను అనలేదు. పట్టుకారు పారేసి పరుగెత్తాను. చెక్కగదిలో కుర్చీ వెచ్చగా ఉంది, కళ్లజోడు బల్ల మీద ఉంది, కోటు కొక్కేనికుంది, మైకు గుయ్యిమంటోంది. మనిషి లేడు. మరునాడు పొద్దున సేవరిన్ క్వారీ నీళ్ల మీదకి తేలాడు, చెంపలు కూడా చెడకుండా, నిద్రపోతున్నట్టు. రోస్‌విటా కొడుకుని పాతిపెట్టుకుంది, ఆ రాత్రి నుంచి ఆవిడకి నిద్ర పట్టింది. మా ఆయన కోసం అదే క్వారీలో మళ్లీ డైవర్లు దిగారు. నలభై ఏళ్లయింది, పైకి రాలేదు. మ్యాచ్ గెలిచాంలే. రాష్ట్ర లీగ్‌కి ఎక్కి, ఒక్క ఏడాది తన్నులు తిని దిగొచ్చాం.

అందుకని ఇక్కడ పదకొండు ఎవరికీ ఇవ్వరు. పది తర్వాత పన్నెండే. ఇక్కడ మైకు పట్టినవాళ్లంతా పేరూ ఇంటిపేరూ కలిపి ఒక్క గుక్కలో చదివేస్తారు, ఆగరు. మీ తమ్ముడు ఎలియాస్‌కి ఆ జెర్సీ ఇచ్చారట, నిన్న మీ వాళ్లెవరో చెబితే విన్నాను. నవ్వకు. పదిహేడు ఖాళీగా ఉంది, అది వేసుకోమను. నువ్వు మాత్రం వాడి పేరు చెప్పి ఆగొద్దు, ఈ ముసలిదాని చాదస్తమనుకున్నా సరే.

ఏంటి? మళ్లీ చెప్పు. పొద్దున మైకు పనిచేస్తుందో లేదో చూశావా? ఏమని చూశావు? పదకొండో నంబరు, ఎలియాస్, అని. ఆగావా? ఎవరో పలికారా? కెర్షర్ అని, మీ ఇంటిపేరు, సరిగ్గా. అవతలి గోల్ దగ్గర నుంచి. మైదానం చూసుకునే ఆయన అనుకున్నావా? ఆయన కాలు విరిగి పాసౌ ఆసుపత్రిలో ఉన్నాడు నాయనా. గొంతు ఎలా ఉంది? బాగుందా? బాగుందని తెలుసు, అది కాదు అడిగేది. పలికేముందు... ఆఁ. ముక్కుతో. ఇలాగే.

తినేశావా? తినకపోతే అక్కడ పెట్టు. ఇదిగో, ఈ పట్టుకారు పట్టుకో. మాడకుండా తిప్పుతుండు, అడిగినవాళ్లకి ఆవాలపచ్చడి తగ్గించకు. మీ తమ్ముడి ఒంటి మీద నుంచి ఆ జెర్సీ విప్పించి నాకు పంపించు, పెద్దదైతే అయింది, చేతులు మడుచుకుంటాను. మన జట్టులో ఒక మార్పుంది, నలభై ఏళ్లుగా లోపలున్నవాణ్ణి బయటికి తీసేది, అది నేను చదవాలి. నా పేరు చెప్పి ఆగినప్పుడు మీ మౌట్‌బాఖ్‌ వాళ్లు కూడా గట్టిగా అనాలని చెప్పు, ఇంటిపేరు తెలుసుగా, ఆయనదే. సరే గానీ, ఆ మైకుకి మీట ఎక్కడుంది, పైనా, పక్కనా?