వెంట్రుక పేనిన దారం

మేకాంగ్ నదికి ఇవతల, థాయ్‌లాండ్ ఒడ్డున ఒక ఇంటి వంటిల్లు. సాయంత్రం కావస్తోంది. తల్లి, పెళ్ళయిన కూతురు, గుమ్మంలో ఐదేళ్ళ పిల్ల. బయట కుర్చీలు వేయిస్తూ అల్లుడు.

"ముందు ఆ కత్తెర అవతల పెట్టవే."

"ఎంత మురికిగా ఉందో చూడమ్మా. పెద్దాయన వచ్చి పిల్ల జీవాన్ని పిలిచి చేతికి కొత్త దారం కట్టేలోపు ఈ పాతది తీసేస్తే..."

"కత్తెరతోనా? పికున్, నువ్వు ఈ ఊళ్ళో పుట్టినదానివేనా? చేతికి కట్టిన దారం ఎవరైనా కోస్తారా? అదంతట అది తెగాలి, లేదా ముడి విప్పాలి. కత్తెర పెట్టేది చచ్చినవాళ్ళ చేతికే."

"అబ్బా, ఇంట్లోకి కాలు పెట్టీ పెట్టకముందే పిల్ల ముందు చావు మాటలేంటి?"

"దానికి మన మాట అర్థం కాదన్నావుగా."

"కాదనుకో. నది అవతల ఎక్కడో కొండ మీది పిల్ల, వాళ్ళ భాష వేరని చెప్పాడు ఏజెంటు. నా చేతికిచ్చి మూడు రోజులైంది, ఒక్క మాట లేదు. ఏడుపు కూడా లేదు."

"మరింకేం. ఆ కత్తెర ఇటివ్వు. ఇదిగో, నీళ్ళకుండ పక్కన పెడుతున్నా, ముట్టుకున్నావంటే ఊరుకోను. అరటాకులు కడుగు. ఈ ఉక్కలో ఆ పొడుగు చేతుల చొక్కా ఏంటే? పైకి మడుచుకో, తడుస్తాయి."

"పర్లేదులే. బస్సులో ఏసీకి జలుబు చేసింది."

"అత్తయ్యా! కుర్చీలు వీధి దాకా వేసేశా. ఇంకా తెప్పించనా?"

"తెప్పించు సనిత్. ఇన్నేళ్ళు నా కూతుర్ని గొడ్రాలన్న ప్రతి మూతీ ఇవాళ రావాలి. ముందు వరసలో కూర్చోబెట్టు, బాగా కనపడాలి."

"మీరు చెప్పాలా! మా ముక్ ఏం చేస్తోంది?"

"సంచి కావిలించుకుని గుమ్మంలో కూర్చుంది. చెప్పులు కూడా విప్పలేదు మహాతల్లి. ఎవరో వచ్చి తీసుకెళ్తారన్నట్టు."

"కొత్త కదా అత్తయ్యా, అలవాటవుతుంది. మైకు వాడు పిలుస్తున్నాడు, వస్తా."

"వెళ్ళాడు. ఇప్పుడు చెప్పవే. ఈ దారం ఎవరు కట్టారు?"

"అనాథాశ్రమం వాళ్ళు. పంపించేటప్పుడు అందరు పిల్లలకీ కడతారట."

"ఆశ్రమం వాళ్ళు తమ జుట్టు పీక్కుని కడతారా?"

"ఏంటీ?"

"దాని చెయ్యి ఇలా వెలుతురులోకి తే. మెల్లిగా. చూడు, నువ్వు మురికి అనుకున్నది మురికి కాదు. దారంలో వెంట్రుకలు వేసి పేనారు. నల్లటివి, పొడుగుపాటివి. ఆడమనిషివి."

"ఎవరివో చిక్కుకుని ఉంటాయిలే."

"చిక్కుకున్నవి ఇంత పద్ధతిగా చిక్కుకుంటాయా? నువ్వు బ్యాంకాక్‌లో కుట్టుపనికి పోయిన రోజు నీ చేతికి ఏం కట్టాను?"

"దారం."

"ఏం పేని కట్టాను?"

"నీ వెంట్రుకలు."

"ఎందుకు?"

"తిరిగి రావాలని."

"వచ్చావుగా మరి? ఊరికే వచ్చాననుకున్నావా? ఇది తల్లులు కట్టేదే పికున్. అత్తలు కట్టరు, ఆయాలు కట్టరు. తల్లి కట్టిన దారం తెగితే ఎంత దూరాన ఉన్నా తల్లికి తెలుస్తుంది. నీది కుట్టుమిషన్లో పడి తెగిన రోజు నాకిక్కడ ముద్ద దిగలేదు."

"తెలుసమ్మా. వందసార్లు చెప్పావు."

"నూటొకటోసారి విను. ఈ పిల్ల తల్లి కాన్పులోనే పోయిందన్నావు."

"అవును. వాళ్ళు అలాగే చెప్పారు."

"పిల్లకి ఐదేళ్ళు. దారమేమో ముడి లోపల ఇంకా తెల్లగానే ఉంది, మొన్న కట్టినట్టు. చచ్చినావిడ లేచొచ్చి కట్టిందా?"

"అమ్మా! అలా అనకు. నాకసలే భయంగా ఉంది."

"దేనికి?"

"ఏం లేదు."

"దేనికే?"

"రాత్రిళ్ళు... రాత్రిళ్ళు ఆ చెయ్యి ఇలా చెవి కింద పెట్టుకుని పడుకుంటుంది. దారానికి చెవి ఆనించి ఏదో వింటున్నట్టు. నవ్వుతుందమ్మా నిద్రలో. పగలు ఎంత ఆడించినా నవ్వదు. నేను దగ్గరికి జరిగితే నవ్వు ఆపేస్తుంది. అన్నం ముద్ద పెడితే సగం తిని సగం ఆ సంచిలో దాస్తుంది. ఎవరికమ్మా? ఎవరికోసం దాస్తోంది?"

"ఊఁ."

"పొద్దున వంతెన మీద బస్సులో వెనక్కి తిరిగి కూర్చుంది. ఎంత తిప్పినా తిరగలేదు. ఇంకెవరో మాతో పాటే వస్తున్నట్టు అనిపించింది. అందుకే కదా ఇంటికి రాగానే జీవం పిలిపించమన్నా."

"బెదిరిన పిల్లకి ఒళ్ళొక్కటే వస్తుంది, జీవం వెనకే ఉండిపోతుంది, నిజమే. పిలవాలి. కానీ దెయ్యాలు వెంట్రుకలు పేనవే. కట్టింది బతికున్న మనిషి. ఎవరది?"

"పిన్ని అయ్యుంటుంది."

"ఇందాక ఆశ్రమం వాళ్ళన్నావు."

"ఆశ్రమానికి చూడ్డానికొచ్చిన పిన్ని."

"అబద్ధం ఆడినా అతికినట్టుండాలే. చిన్నప్పుడు నీ నోట్లో నువ్వుగింజ నానేది కాదు. ఈ మూడు రోజుల్లో ఎక్కడ నేర్చావు ఇదంతా?"

"పికున్! పెద్దాయన బయల్దేరారట! పిలిచేటప్పుడు తల్లి పేరు కలిపి పిలుస్తారు కదా, రాసి ఇమ్మంటున్నారు. నీ పేరే కదూ?"

"అదేం ప్రశ్న సనిత్! నా పేరు కాక ఇంకెవరి పేరు?"

"అరవకు, ఊరికే అడిగా. మైకులో ‘పికున్ బిడ్డా, ఇంటికి రా’ అని వినపడుతుంటే ఎలా ఉంటుందంటావ్? నాకిప్పట్నుంచే ఒళ్ళు జలదరిస్తోంది."

"వెళ్ళు బాబూ, వెళ్ళు. పని ఉంది."

"విన్నావా పికున్? అదీ సంగతి. ఒకావిడ అవతలి ఒడ్డు నుంచి ‘రా’ అంటోంది. మనం మైకు పెట్టి ‘ఇక్కడే ఉండు’ అంటాం. ఆ జీవం ఎవరి మాట వినాలి? నది మధ్యలో నిలబడిపోతే పిల్ల బతుకుతుందా? అందుకడుగుతున్నా. ఎవరి బిడ్డని తెచ్చావే?"

"నా బిడ్డ."

"పికున్."

"నా బిడ్డేనమ్మా! నేను ఎదురుచూసినన్నాళ్ళు ఎవరు ఎదురుచూశారు చెప్పు?"

"చొక్కా చెయ్యి మడుచు."

"ఎందుకు?"

"పొద్దున బస్సు దిగిన దగ్గర్నుంచి చూస్తున్నా. స్నానం చేసొచ్చి మళ్ళీ అదే చొక్కా తొడిగావు. నీళ్ళల్లో ఒక్క చేత్తోనే ఆకులు కడుగుతున్నావు. మడుచు."

"వద్దమ్మా."

"ఇటు తే చెయ్యి. తే అంటుంటే... అయ్యో. అయ్యో నా తల్లీ. నీకూ కట్టిందా?"

"ఊఁ."

"అదే జుట్టు."

"అదే. నా ఎదురుగానే కూర్చుని పీక్కుంది. కేసొన్ అట పేరు. నాకంటే చిన్నది, పెదవి మీద చిన్న మచ్చ, మన మాట కాస్త వచ్చు. అన్నం బుట్ట పట్టుకుని ఆశ్రమం గేటు దగ్గరికి వచ్చింది. పిల్లకి కట్టింది, తినిపించింది, మూతి తుడిచింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. ‘తీసుకెళ్ళే చేతికీ కట్టాలక్కా, అప్పుడే దారి మర్చిపోకుండా మళ్ళీ తీసుకొస్తుంది’ అంది."

"మళ్ళీ తేవడమేంటి? ఆవిడకేం చెప్పారు?"

"చదువుకి పంపిస్తున్నామని. సెలవులకి వస్తుందని. ఏజెంటు చెప్పాడట. నాకక్కడే తెలిసిందమ్మా, ఒట్టు, ఆ గేటు దగ్గరే. ‘వానలు వెళ్ళిపోయాక తీసుకొస్తావు కదక్కా’ అనడిగింది."

"నువ్వేమన్నావు?"

"బస్సు హారన్ కొడుతోంది. పిల్ల నా వేలు పట్టుకునుంది. అదే మొదటిసారి పట్టుకోవడం..."

"ఏమన్నావే?"

"ఊఁ అన్నాను."

"ఊఁ అన్నావా!"

"తిట్టమ్మా. కొట్టు. అలా చూడకు."

"సనిత్‌కి తెలుసా?"

"తెలీదు. ఎలా చెప్పను? సెలవు దొరికి తనూ వచ్చుంటే నేను ఊఁ అనేదాన్ని కాదేమో. అమ్మా, రేపు పొద్దున్నే వంతెన దాటి అప్పజెప్పేసి వస్తా. పెద్దాయనకి ఆవిడ పేరే చెబుదాం. ‘కేసొన్ బిడ్డా’ అని పిలవమందాం. నేను లోపలే ఉండిపోతా, ఎవరేమనుకున్నా..."

"ఆగు."

"కళ్ళు మూస్తే ఆవిడ వేళ్ళే కనపడుతున్నాయమ్మా. పేనుతూ, పేనుతూ..."

"ఆగమన్నానా! పిల్లని ఇచ్చేసి వచ్చాక నువ్వు బతుకుతావా?"

"ఏమో."

"ఏమో కాదు, నాకు తెలుసు. మూడోసారి కడుపు పోయినప్పుడు ఈ నదిలో నడుం లోతు నీళ్ళలోంచి నిన్ను లాక్కొచ్చింది నేనే. ఆవిడకి ఇంకా పిల్లలున్నారా?"

"ఇద్దరున్నారంది."

"నాకు నువ్వొక్కతివే."

"అమ్మా! నువ్వేనా ఈ మాట అనేది? ఇందాకటి దాకా నది మధ్యలో జీవం అనీ..."

"ఇందాక తెలీదు కాబట్టి అడిగా. ఇప్పుడు తెలిసింది. పాపమే. కాదంటానా? నా నెత్తిన ఉండనీ. ముసలిదాన్ని, ఎంతకాలం మోస్తాను గనక. కళ్ళు తుడుచుకో. సనిత్! తల్లి పేరు పికున్ అనే రాసివ్వు నాయనా! గట్టిగా పిలవమను!"

"సరే అత్తయ్యా! పెద్దాయన వచ్చేశారు. పిల్లని తీసుకుని త్వరగా రండి!"

"వస్తున్నాం! చెయ్యి ఇటు పెట్టు పికున్. ముందు నీది, తర్వాత పిల్లది."

"విప్పుతావా?"

"జుట్టు పేనిన ముడి విప్పడానికి పూట పడుతుంది. అంత టైమెక్కడుంది? కోసేస్తా."

"ఆవిడకి తెలుస్తుందన్నావు."

"తెలియనీ. నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటుంది. నేను ఏడవలేదా నీ కోసం? కత్తెరేదే?"

"నేను ముట్టుకోలేదు. నువ్వేగా కుండ పక్కన పెట్టావు."

"ఇక్కడే పెట్టా. ఇదిగో, ఇక్కడే. కింద పడిందేమో చూడు."

"లేదమ్మా. ఆకుల కింద కూడా లేదు."

"కాళ్ళొచ్చి నడిచెళ్ళిందా మరి? ఇదేంటి, పిల్ల గుమ్మంలో కదా ఉంది. ఈ మూలకి ఎప్పుడొచ్చింది?"

"ముక్, ఏంటి నాన్నా? ఆకలేస్తోందా? ఆ సంచి వెనక్కి దాచుకున్నావెందుకు?"

"కత్తెర ఇవ్వను. దారం కోస్తే నేను చచ్చిపోయాననుకుంటుంది మా అమ్మ."